పురనిర్వాహకుని నియమించు అధికారము: విరుదునగరము, కోవిల్‌పట్టి పట్టణముల చరిత్ర నుండి

1941వ సంవత్సరమున విరుదునగర పురపాలక సంఘ సభ్యులు తమ అధ్యక్షునిగా ఎన్నుకొనిన వ్యక్తి ఆ సమయమున వేలూరు కారాగారములో నుండెను. ఆయన కామరాజు. వ్యక్తి సత్యాగ్రహమునకు సిద్ధపడిన వారి పట్టికను గాంధీ మహాత్మునకు చూపి అనుమతి పొందుటకై వార్ధాకు పోవుచు, 1940 డిసెంబరులో గుంటూరున ఆయన నిర్బంధింపబడెను. భారత రక్షణ నిబంధనల క్రింద వేలూరునకు పంపబడి, 1941 నవంబరులో విడుదలయై స్వస్థలమునకు వచ్చిన పిమ్మట, తనకు చెరసాలలో లభించిన ఆ పదవికి రాజీనామా నిచ్చెను. దేశకార్యము తన్ను పిలుచుచుండగా, పూర్తిగా న్యాయము చేయలేని పదవిని పట్టుకొని యుండుట తగదని ఆయన తలంచెను.

జీవితచరిత్రకారులు ఈ ఘట్టమును త్యాగమునకు నిదర్శనముగా చెప్పుదురు. అది నిజమే. కాని పురపాలన చరిత్రను పరిశీలించువారికి ఇందు వేరొక ప్రశ్న కూడ పొడసూపును. అధ్యక్షుడు కారాగారములో నున్నప్పుడు ఊరి దీపములు వెలిగించు ఏర్పాటు ఎవరిది? పన్ను వసూలు చేయునదెవరు? ఆ పనులు చేయించు అధికారి ఎవరికి జవాబుదారి? అతనిని కుదుర్చుకొను హక్కు పన్ను చెల్లించు పురజనులదా, వారి ప్రతినిధులదా, లేక దూరమున రాజధానిలో నున్న ప్రభుత్వముదా? ఈ ప్రశ్నకు కాలము వెంబడి వచ్చిన సమాధానములు పలువిధములు. ఆ సమాధానములను వ్రాసిన చేతులలో తెలుగువారి చేతులు కొన్ని కలవు. అందుచేత ఈ చరిత్ర తమిళనాటి తెలుగువారికి ప్రత్యేకముగా ఆసక్తి గొల్పును.

విరుదునగరము, కోవిల్‌పట్టి మదురైనుండి తూత్తుకుడికి పోవు రైలుమార్గముపై నున్న ఊళ్లు. రెంటి నడుమ సాత్తూరు కలదు. 1876లో ఈ మార్గము తెరువబడిన నాటినుండి ఇక్కడి ప్రత్తి, మిరప, నూనెగింజలు తూత్తుకుడి రేవునకు చేరుట సులభమయ్యెను. పరిపాలనలో మాత్రము ఇవి చాలకాలము వేర్వేరు జిల్లాలలో నుండినవి. కోవిల్‌పట్టి తిరునెల్వేలి జిల్లాలోనిదై 1986లో తూత్తుకుడి జిల్లాలో చేరెను. విరుదునగరము రామనాథపురము జిల్లాలోనిదై 1985లో తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. నేల మాత్రమొక్కటే; నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ భూమి యందురు. వాన కురిసిన పండును, కురియకున్న పగుళ్లు విచ్చును. ఇట్టి నేలపై వెలసిన పట్టణమునకు నిర్వాహకుడన్నచో మొట్టమొదట నీరు తెచ్చువాడని అర్థము.

ఈ నల్లరేగడిపై తెలుగువారు విజయనగర, నాయకరాజుల కాలమునుండి స్థిరపడిరి. కంబళత్తు నాయకులు, కమ్మవారు, రెడ్లు మొదలైనవారి గ్రామములు కోవిల్‌పట్టి చుట్టును నేటికిని కలవు. మదురైలో విశ్వనాథ నాయకుని కాలమున, దళవాయి అరియనాథ మొదలియారు సాయమున, దేశము 72 పాళెములుగా విభజింపబడెనని ప్రసిద్ధి. ఆ పాళెములలో ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి ఈ సీమలోనివి. రెంటి ప్రభువులును తెలుగువారే.

పాళెగాండ్ర కాలమున ఊరి రక్షణకు కావలి యను ఏర్పాటుండెను. ఒక గ్రామమునకు పరిమితమైనది స్థలకావలి; పెక్కు గ్రామములను కూడినది దేశకావలి. రైతులు ధాన్యముగనో ధనముగనో కావలికి రుసుము చెల్లించెడివారు. దొంగతనము జరిగినచో కావలివాడు సొత్తును పట్టి ఇయ్యవలెను. పట్టలేకున్నచో నష్టము తానే పూడ్చవలెను. చూపునకు ఇది ఒడంబడిక వలె నుండును. జీతము కలదు, పని కలదు, పని చెడినచో పరిహారము కలదు. కాని ఈ ఒడంబడికలో ఒక్కటి మాత్రము లోపించెను. కావలి హక్కు వంశపారంపర్యము. రుసుము ఇచ్చువానికి కావలివానిని మాన్పించు హక్కు లేదు. అందుచే బలవంతుడైన పాళెగాని చేతిలో కావలి రుసుము క్రమముగా కప్పమయ్యెను. కావలి కాయువాడే కొల్లగొట్టువాడైన సందర్భములను కుంపినీ అధికారులు విరివిగా వ్రాసి పెట్టిరి. వారి వ్రాతలలో స్వప్రయోజనము లేకపోలేదు గాని, వారు పేర్కొనిన దోషము కల్పితము కాదు.

1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాలకుడు వీరపాండ్య కట్టబొమ్మన కోవిల్‌పట్టికి దక్షిణమున నున్న కయత్తారులో ఉరితీయబడెను. 1801లో రెండవ పాళెగాండ్ర యుద్ధము ముగిసెను. కావలి హక్కులను కుంపినీ తన వశము చేసికొనెను. 1803లో మిగిలిన పాళెములకు శాశ్వత పన్ను నిర్ణయింపబడి అవి జమీందారీలయ్యెను. కుంపినీ పక్షము వహించిన ఎట్టయపురము వానిలో పెద్దది. రక్షణభారము పోలీసులకును, పన్నుభారము కలెక్టరునకును చేరినవి. ఊరి వ్యవహారములు చూచుకొను వాడెవడను ప్రశ్నకు మాత్రము ఆ తరువాత అరువదేండ్లకు పైగా సర్కారు సమాధానము చెప్పలేదు.

ఆ వెలితిని జనులు తమకు తోచిన రీతిని నింపుకొనిరి. కోవిల్‌పట్టి సమీపమున ఇడైసేవల్ అను గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్, ఇంట తెలుగు మాటాడుచు తమిళమున వ్రాసిన రచయిత. ఆయన ‘గోపల్ల గ్రామము’ అను నవలలో తెలుగుదేశమునుండి వలసవచ్చిన కుటుంబములు అడవిని కాల్చి నేల చదును చేసి ఊరు కట్టుకొనిన విధమును చిత్రించెను. అందలి కొనసాగింపైన ‘గోపల్లపురపు ప్రజలు’ అను నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. నవల చరిత్ర కాదు. అయినను పెద్దకుటుంబపు మాటయే ఊరి శాసనమైన కాలమును తెలిసికొనుటకు ఆ గ్రంథములు రికార్డు కచ్చేరీ కాగితములకంటె ఎక్కువ సాయపడును.

విరుదునగరమున జనులు వేరొక మార్గము త్రొక్కిరి. ఆ ఊరికి అప్పుడు విరుదుపట్టి యని పేరు. శివకాశి, తిరుమంగళము, అరుప్పుకోట, పాళయంపట్టి, సాత్తంగుడి యను ఊళ్లతో కలసి ఇది నాడారు వర్తకుల ఆరు ఊళ్లలో నొకటి. బండ్లపై సరకు నింపి బయలుదేరిన వర్తకునకు దారిలో దొంగలవలన భయము. రాత్రి దిగుటకు కోటవంటి పేట యవసరము. ఆ పేటల వ్యయమునకై వర్తకులు సరకుపై తమకు తామే విధించుకొనిన చందాకు మహమై యని పేరు. దానిని సేకరించి వెచ్చించు సభ ఉఱవిన్‌ముఱై. ఆ కులపు కుటుంబముల వారందరును అందు సభ్యులు. మహమై సొమ్ముతో పేటలు, బావులు, దేవాలయములు మాత్రమే గాక బడులు కూడ వెలసెను. కామరాజు చదివిన క్షత్రియ విద్యాశాల అట్లు వెలసినదే. ఇంటింట గృహిణులు ప్రక్కకు తీసిపెట్టిన పిడికెడు బియ్యముతో ఆ బడి నిలిచెనని చెప్పుదురు.

కావలికిని మహమైకిని గల భేదము పైకి చిన్నదిగా కనబడినను మూలమున పెద్దది. రెంటను రుసుము కలదు. కాని మహమై చెల్లించినవాడు సభలో కూర్చుండి లెక్క అడుగగలడు. లెక్క చెప్పలేని నిర్వాహకుని తొలగింపగలడు. పురపాలక సంఘమనునది చట్టములో పుట్టక పూర్వమే దాని సారము విరుదుపట్టిలో నుండెననుట అతిశయోక్తి కాదు. ఐనను ఒక కొరత చెప్పక తప్పదు. అది ఒక కులపు సభ. ఊరిలో నివసించు తక్కినవారికి ఆ లెక్కలు చూచు హక్కు లేదు. ఊరందరికి చెందిన సభ సర్కారు చట్టమువలననే రావలసి వచ్చెను.

ఆ చట్టములలో తొల్తటిది 1850 నాటి 26వ చట్టము. ఇది బలవంతము చేయునది కాదు. ఊరివారు కోరినచో అమలగునది. తెలుగు సముద్రతీరమున చిన్న రేవుపట్టణమైన భీమునిపట్టణము 1861లో పురపాలక సంఘమును పొందెను. 1865లో మద్రాసు ప్రభుత్వము పట్టణాభివృద్ధి చట్టమును చేసెను. దాని క్రింద 1866లో తూత్తుకుడి పురపాలక పట్టణమయ్యెను. ఈ సంఘములలో సభ్యులు నియమితులు; అధ్యక్షుడు కలెక్టరు. ఊరిని నడుపునది, నడుపువానిని నియమించునది, లెక్క చూచునది అన్నియు సర్కారే. 1871 నాటి చట్టము ఎన్నికకు కొంత తావిచ్చెను. 1882 మే 18న రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము ప్రకటించిన తరువాత, 1884లో మద్రాసు జిల్లా పురపాలక చట్టము వచ్చెను. ఎన్నికైన ఛైర్మన్ అప్పటినుండి సాధ్యమయ్యెను.

ఇచ్చట ఒక మాట చరిత్ర ముచ్చటైనది. పాత చట్టములలో ‘కమిషనర్’ అనగా పురపాలక సభ్యుడు. 1884 నాటి చట్టము ఆ మాటను తీసివేసి ‘కౌన్సిలర్’ అని వాడెను. సుమారు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ‘కమిషనర్’ తిరిగి వచ్చెను. ఈ మారు సభ్యుడుగా గాక, సభ్యుల తీర్మానములను అమలుచేయు సర్కారు ఉద్యోగిగా వచ్చెను. పాత దస్తావేజులు చదువువారు ఈ భేదము తెలియక, ప్రతి కమిషనరును నిర్వాహకునిగా భావించి తబ్బిబ్బగుటయు కలదు.

ఎన్నికైన ఛైర్మనే కార్యనిర్వాహకుడైనప్పుడు ఏమి జరుగగలదో తూత్తుకుడి చూపెను. రావు బహదూర్ క్రూజ్ ఫెర్నాండెజ్ ఆ పట్టణమునకు ఐదు మారులు అధ్యక్షుడుగా నుండెను. సముద్రము ముంగిట నున్నను త్రాగునీరు లేని ఊరది. తామ్రపర్ణి నీటిని వల్లనాడునుండి గొట్టముల ద్వారా తెచ్చు పథకమును ఆయన పట్టుదలతో నడిపి 1927లో సఫలము చేసెను. ఆ పనికి ఏండ్ల తరబడి ఓపిక, మద్రాసులో పలుకుబడి, ఊరిలో జనుల విశ్వాసము మూడును కావలెను. బదిలీపై వచ్చి రెండేండ్లకు బదిలీపై పోవు అధికారికి మొదటిది దొరకదు, మూడవది అవసరము లేదు. తూత్తుకుడివారు నేటికిని ఆయనను పట్టణ పితయని తలంచుటలో ఆశ్చర్యమేమున్నది?

విరుదుపట్టి 1915లో పురపాలక పట్టణమయ్యెను. 1923లో పురపాలక సంఘము ఊరి పేరును విరుదునగరముగా మార్చెను. ఒక సభ తన ఊరి పేరును తానే మార్చుకొనగలిగిన దినములవి. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టము అప్పటికి అమలులోనికి వచ్చియుండెను. దాని ప్రకారము సభ్యులలో అధికసంఖ్యాకులు ఎన్నికైనవారు, ఛైర్మన్ కార్యనిర్వాహకాధికారి. ఈ చట్టము అమలైన తొలి దినములలో, అనగా 1920 డిసెంబరునుండి 1926 వరకు, మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖను చూచిన మంత్రి పానుగంటి రామారాయణింగారు, పానగల్లు రాజా. ద్వంద్వ ప్రభుత్వములో భారతీయ మంత్రుల కిచ్చిన కొలది శాఖలలో ఇదియొకటి. పానగల్లు రాజా దానిని తన హస్తమున నుంచుకొనుట యాదృచ్ఛికము కాదు. ఎవరు ఛైర్మన్ కావలెను, ఏ ఊరిలో ఎవరిని నియమిత సభ్యులుగా చేయవలెను అను ప్రశ్నలు ఆ శాఖనుండియే తేలెను. జస్టిస్ పార్టీ బలము జిల్లాలలో వేరూనినది ఇట్టి నియామకముల మూలముననే.

విరుదునగరము ఆ రాజకీయములకు పట్టుగొమ్మయయ్యెను. 1931 ఆగస్టులో ఆత్మగౌరవోద్యమపు మూడవ మహాసభ అక్కడ జరుగుట అందుకు సాక్ష్యము. మరొక ప్రక్క కామరాజు వంటి యువకులు కాంగ్రెసును బలపరచుచుండిరి. పురపాలక ఎన్నికలలో ఈ రెండు పక్షములు ఎదురుబడెను. పన్ను చెల్లించువాడే నిలబడగలడను నిబంధనవలన ఆస్తిలేని కామరాజు పోటీచేయలేకపోగా, ముత్తురామలింగ తేవర్ ఆయన పేర ఒక గొఱ్ఱెపిల్లను కొని దానిపై పన్ను కట్టి అర్హత కల్పించెనని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. పురపాలక సభ ద్వారము వెడల్పెంతయో ఈ కథ చక్కగా తెలుపును.

ఎన్నికైన ఛైర్మన్ పద్ధతికి దోషములు లేకపోలేదు. ఇంటిపన్ను బకాయి గట్టిగా అడిగిన ఛైర్మన్ మరుసటి ఎన్నికలో ఓట్లు కోల్పోవును. కావున అడుగడు. గుమాస్తాలు, మేస్త్రీలు, ఉపాధ్యాయుల నియామకములలో తనవారికి ప్రాధాన్య మిచ్చును. కంట్రాక్టులలో కక్షలు పుట్టును. అవిశ్వాస తీర్మానముల రద్దీలో మురుగు కాలువ పని ఆగును. ఈ ఫిర్యాదులు మద్రాసు రాజధాని అంతటను వినవచ్చినవి. తెలుగు జిల్లాలలోను తమిళ జిల్లాలలోను భేదము లేదు.

1932 నవంబరులో ప్రధానమంత్రియైన బొబ్బిలి రాజా స్థానిక స్వపరిపాలన శాఖను తానే వహించెను. 1933లో జిల్లా పురపాలక చట్టము సవరింపబడి, పురపాలక సంఘములకు కమిషనర్లను నియమించు అధికారము ప్రభుత్వమునకు లభించెను. కమిషనర్ జీతముగొను పూర్తికాలపు ఉద్యోగి. సభ తీర్మానించును, ఛైర్మన్ సభను నడుపును. పన్ను వసూలు, సిబ్బంది, పనుల నిర్వహణ కమిషనర్ చేతిలోనిది. కలెక్టరు చేతినుండి ఛైర్మన్ చేతికి వచ్చిన కార్యనిర్వహణాధికారము ఈ విధముగా తిరిగి సర్కారు మనిషి చేతికి మరలెను. ఎన్నికైన ఛైర్మన్ పద్ధతిని తొలుత నడిపించిన మంత్రి తెలుగువాడు. దానికి పగ్గము వేసినవాడును తెలుగువాడే. ఇద్దరును ఒకే పక్షమువారు. పదేండ్లలో మనసు మారుటకు కారణము పాలనలోని లోపములు మాత్రమే యనుట పూర్తి సత్యము కాదు. కాంగ్రెసు పురపాలక సంఘములను పట్టుకొనుచున్న కాలమది. సభ చేజారినను కార్యాలయము చేజారకుండుటకు కమిషనర్ పనికివచ్చునని మంత్రులకు తోచి యుండును. ఆ విమర్శ ఆనాడే వినవచ్చెను.

కమిషనర్ పద్ధతి మద్రాసు సృష్టి కాదు. బొంబాయిలో 1865లోనే ఆర్థర్ క్రాఫర్డ్ మునిసిపల్ కమిషనరుగా నియమితుడై, ఊరిని శుభ్రపరచి, సొమ్మును లెక్క లేక వెచ్చించి, 1871లో పదవిని పోగొట్టుకొనెను. ఆ అనుభవమును మనసులో నుంచుకొని వ్రాసిన 1888 నాటి బొంబాయి చట్టమున కమిషనరును ప్రభుత్వము నియమించును. ఐనను మొత్తము సభ్యులలో ఎనిమిదింట ఐదు పాళ్లవారు కోరినచో ప్రభుత్వము అతనిని తొలగింపవలెను. మద్రాసు నగరమున 1919 చట్టము క్రింద పిట్టి త్యాగరాయ చెట్టి ఎన్నికైన తొలి అధ్యక్షుడయ్యెను. కాని అక్కడను కార్యనిర్వహణ కమిషనరుదే.

ఇదే కాలమున అమెరికాలో వేరొక మార్గము తెరువబడెను. 1900లో తుపానుకు నాశమైన గాల్వెస్టన్ అను సముద్రతీరపు పట్టణము, పాత సభను తీసివేసి కొద్దిమంది సభ్యుల సంఘమునకు పాలన అప్పగించెను. 1908లో వర్జీనియా రాష్ట్రపు స్టాంటన్ పట్టణము జీతముపై ఒక నిర్వాహకుని కుదుర్చుకొనెను. 1912లో దక్షిణ కరొలీనాలోని సమ్టర్ అను చిన్న ఊరు, తమకు పురనిర్వాహకుడు కావలెనని పత్రికలలో ప్రకటన చేసెను. 1913లో వరదలో మునిగిన డేటన్ నగరము మరుసటి సంవత్సరము ఆ పద్ధతినే అవలంబింపగా, పెద్ద నగరములకును అది పాకెను. అక్కడ సభ నిర్వాహకుని వెదకి తెచ్చుకొనును. ఎక్కడివాడైనను సరే, పని తెలిసినవాడైన చాలును. పని నచ్చకున్నచో ఆ సభయే పంపివేయును.

మద్రాసు చట్టమును దీని ప్రక్కన నిలిపి చూచినచో తేడా తెలియును. ఓట్లకై ప్రాకులాడు వాని చేతిలో పన్ను వసూలు ఉండరాదను సూత్రము రెంటికిని సమానము. కాని అమెరికా పట్టణము నిర్వాహకుని సభకు ఉద్యోగిని చేసెను. మద్రాసు అతనిని ప్రభుత్వమునకు ఉద్యోగిని చేసెను. పద్ధతిలో సగము వచ్చినది, సగము రాలేదు. రాని సగమే ముఖ్యమైనది. జీతము పురజనుల పన్నునుండి పోవును. నియామకము, బదిలీ, పదవోన్నతి మద్రాసులోని కార్యదర్శుల కలమునుండి వచ్చును. పాళెగాని కావలిని ఇది పోలదని చెప్పవచ్చును, కమిషనర్ కొల్లగొట్టడు గనుక. రుసుము ఇచ్చువాడు మాన్పింపలేకుండుట మాత్రము రెంటను ఒక్కటే.

దీనికి సమాధానముగా చెప్పదగిన మాటయు కలదు. విరుదునగరమువంటి ఊరిలో వర్తక కుటుంబముల నడుమ, పక్షముల నడుమ పోటీ తీవ్రము. అట్టి చోట ఊరివారే నిర్వాహకుని కుదుర్చుకొనినచో, గెలిచిన పక్షపు మనిషియే వచ్చును. ఉఱవిన్‌ముఱైలో సాధ్యమైన నమ్మకము అన్ని కులముల సభలో అంత తొందరగా పుట్టదు. బయటినుండి వచ్చిన అధికారికి బంధువులు లేరు, బాకీలు లేవు. అల్పసంఖ్యాకులకు అతని తలుపు తెరచి యుండును. ఈ వాదములో బలము కలదు. తెలుగు మాటాడు కుటుంబములు అల్పసంఖ్యలో నున్న పట్టణములలో ఈ వాదమునకు విలువ ఇంకను హెచ్చు. కాని తటస్థుడగుట వేరు, జవాబుదారి కాకుండుట వేరు. బొంబాయి చట్టమందలి ఎనిమిదింట ఐదు పాళ్ల నియమము ఆ రెంటిని కలుపుటకు చేసిన ప్రయత్నము.

ఈ దృష్టితో కామరాజు రాజీనామాను మరల చూడవలెను. 1941లో సభ్యులు చెరసాలలోని వానిని ఎన్నుకొనగలిగిరి. పట్టణమును నడుపుటకు ఆయన రోజూ కార్యాలయమునకు వచ్చి కూర్చుండవలెనని వారు తలంచియుండినచో, ఆ ఎన్నిక జరిగియుండదు. అధ్యక్ష పదవి అప్పటికే గౌరవ చిహ్నముగా, రాజకీయ ప్రకటనగా మారినదని ఆ ఎన్నికయే చెప్పుచున్నది. కామరాజు ఒక్కడే ఆ పదవిని పనిగా భావించినట్లున్నది; కనుకనే చేయలేని పనిని వదలుకొనెను.

తరువాత 1954 ఏప్రిలునుండి 1963 అక్టోబరు వరకు ఆయన మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి. 1958లో పంచాయతీ చట్టము వచ్చి గ్రామములలో పంచాయతీలు, పంచాయతీ యూనియన్లు వ్యాపించెను. విద్యుత్తు, బడులు, మధ్యాహ్న భోజనము పల్లెలకు చేరెను. పురపాలక పట్టణములలో మాత్రము బొబ్బిలి రాజా నాటి కమిషనర్ ఏర్పాటు అట్లే నిలిచెను. విరుదునగర సభచే ఎన్నుకొనబడిన వ్యక్తి ముఖ్యమంత్రి పీఠమునుండియు దానిని కదల్పలేదు. ప్రతిపక్షములో నున్నప్పుడు కమిషనర్ పద్ధతి కంటగింపుగా నుండి, అధికారములోనికి వచ్చినంతనే అనుకూలముగా తోచుట ఒక్క కాంగ్రెసు పక్షమునకే పరిమితము కాదు. తరువాత వచ్చిన పక్షములును అట్లే చేసినవి.

కోవిల్‌పట్టి చరిత్ర దీనికి భిన్నము. రైలుస్టేషను, నూలు మిల్లులు, అగ్గిపెట్టెల పరిశ్రమ, 1901లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము ఇవి ఆ ఊరిని పెంచెను. మిల్లులలో నొకటి కోయంబత్తూరు తెలుగు కుటుంబమువారి లక్ష్మీమిల్లు. వేరుసెనగ, బెల్లపు పాకముతో చేయు ఇక్కడి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఇంత ఎదిగినను ఊరు చాలకాలము పంచాయతీగనే యుండి, 1964లో పురపాలక పట్టణమయ్యెను. అనగా ఇది కమిషనర్ చట్టము వచ్చిన ముప్పదియొక్క సంవత్సరములకు పుట్టిన పురపాలక సంఘము. విరుదునగరమునకు 1915నుండి 1933 వరకు, తూత్తుకుడికి అంతకంటె ఎక్కువకాలము, తమ పనిని తామే చేసికొనిన జ్ఞాపకమున్నది. కోవిల్‌పట్టికి ఆ జ్ఞాపకము లేదు. పంచాయతీ దశలోను 1950 నాటి చట్టము పెద్ద పంచాయతీలకు సర్కారు నియమించు నిర్వాహకాధికారిని ఏర్పరచియుండెను. నీటికై దూరపు తామ్రపర్ణిపై ఆధారపడిన ఊరిలో, క్రూజ్ ఫెర్నాండెజ్ వంటి ఛైర్మన్ ఎందుకు పుట్టలేదని అడుగుట న్యాయము కాదు. అట్టివానికి పని చేయుటకు తగిన పీఠము చట్టములో మిగులలేదు.

1992లో చేసి 1993 జూన్ 1నుండి అమలుచేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సభలకు రాజ్యాంగ స్థానమిచ్చెను. పండ్రెండవ షెడ్యూలులో పదునెనిమిది విషయములను చేర్చెను. అయిదేండ్ల కొకసారి ఎన్నిక జరుగవలెననెను. కార్యనిర్వాహకుని ఎవరు నియమించవలెనను ప్రశ్నను మాత్రము రాష్ట్రములకే వదలెను. ఎన్నికల నియమమైనను ఎల్లప్పుడు నిలువలేదు. తమిళనాట 2016 అక్టోబరులో పట్టణ సభల గడువు ముగియగా, 2022 వరకు ఎన్నికలు జరుగలేదు. ఆ ఐదేండ్లకు పైబడిన కాలమున విరుదునగరము, కోవిల్‌పట్టి మొదలుగా రాష్ట్రములోని పట్టణములన్నియు ప్రత్యేకాధికారుల పాలనలో నుండెను. సభ లేకున్నను కార్యాలయము తెరచుచునే యుండెను. 1941లో అధ్యక్షుడు లేని ఊరు. ఇప్పుడు సభయే లేని ఊరు.

తుదకు 2022 ఫిబ్రవరి 19న పోలింగు జరిగి, 22న ఫలితములు వెలువడెను. మార్చి 4న సభ్యులు తమలోనుండి అధ్యక్షులను ఎన్నుకొనిరి. అంతకు రెండు దినముల ముందు, మార్చి 2న, కొత్త సభ్యులు పురపాలక కార్యాలయములకు వచ్చి ప్రమాణము చేసిరి. ఆ ప్రమాణమును చేయించినవారు కమిషనర్లు.